తాళం వేసిన పింగాణీ

కప్పు దేనికండీ, తాగడానికా, తాళం వేయడానికా? ఆలోచించుకునే చెప్పండి, తొందరేం లేదు.

పళ్ల డాక్టరమ్మకు పాతకాలపు చైనా పింగాణీ అంటే ప్రాణం. పొద్దున్నే పనికి వెళ్లేముందు అద్దాల బీరువా తెరిచేది. ఒక్కో కప్పునీ దూదితో తుడిచి, పళ్లు చూసే బుల్లి అద్దంతో అడుగున నీలి ముద్రనీ, అంచున వెంట్రుకంత బీటనీ వెతికి, మళ్లీ తాళం వేసేది. ఇంట్లోవాళ్లకు మాత్రం ప్లాస్టిక్ మగ్గులు.

ఎవరూ వాడని పింగాణీ కుంచించుకుపోతుంది కదా, ఇవీ అంతే. డ్రాగన్ బొమ్మున్న గిన్నె నిమ్మకాయంత అయింది. కప్పులైతే గోలీలంత. డాక్టరమ్మకు దిగులేం లేదు. "మంచిదేగా, ఇంకొన్ని పడతాయి!" అని మురిసిపోయేది.

మురవనిది కోడలు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఓ కప్పు ముట్టుకోబోయి, "చెయ్యి తియ్యి!" అన్న కేక విన్నాక, ఆ ఇంట్లో ఆమె గట్టిగా అడుగు కూడా వేయలేదు. చివరికి మొగుణ్ణి ఒప్పించి వేరే ఇల్లు చూసుకుంది. ఈరోజు సామాన్లు బండికెక్కాయి.

డాక్టరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "టీ అయినా తాగి వెళ్లండర్రా."

"దేంట్లో తాగాలమ్మా? మగ్గులు కూడా కట్టేశాం," అన్నాడు కొడుకు.

ఆమె వెళ్లి బీరువా తాళం తీసింది. గోలీ అంత కప్పులో చుక్క టీ పోసి కోడలి చేతికిచ్చింది.

"దీంతో చీమల పెళ్లికి విందు పెట్టొచ్చత్తయ్యా!" అంటూ కోడలు తాగింది. కప్పు కాస్త పెరిగింది. మళ్లీ పోస్తే మరికాస్త. "ఇంకొంచెం పొయ్యండి, పాపం ఎదిగే వయసు!"

డాక్టరమ్మ పకపకా నవ్వి, బండి డ్రైవర్ని కూడా లోపలికి పిలిచింది. అతను డ్రాగన్ గిన్నెలో టీ ఊదుకుంటూ తాగాడు. "అమ్మా, ఇది కూడా ఎక్కించాలంటే ఇప్పుడే చెప్పండి. ఇంకాస్త పెరిగితే నా బండి చాలదు."

ఆ నవ్వుల్లో కోడలి చేతిలోని కప్పు జారి, భళ్లున పగిలింది.

కోడలి మొహం పాలిపోయింది. డాక్టరమ్మ ముక్కల్ని దాటుకెళ్లి, కోడలి వేళ్లు పట్టుకుంది.

"తెగిందా?"

"లేదత్తయ్యా."

"అయితే ఇంకో కప్పు తీసుకో. నిండా పోస్తా."

కోడలు కళ్లు తుడుచుకుని డ్రైవర్ వైపు తిరిగింది. "అన్నా, సామాన్లు దించేయ్."

"టీ ఇచ్చి మరీ పని చెబుతున్నారే!" అని గొణుగుతూనే లేచాడతను.

ఇవాళో రేపో మీ ఇంట్లోనూ ఏదో ఒకటి పగులుతుంది. నేల వైపు తర్వాత చూడొచ్చు. ముందు ఆ చెయ్యి పట్టుకుని చూడండి.