ఎర్ర పిన్ను

“ఇంకొంచెం లాగు, మబ్రూక్.”

మబ్రూక్ పిడి లాగాడు. తాడు చుట్టే వించి లారీ మొత్తం కుంగి మూలిగింది. అద్దం అవతల ఇనుప తాడు బిగుసుకుపోయి ఎండలో సన్నగా వణుకుతోంది. దాని రెండో కొస భూమి అడుగున, బావి గోడకు అతుక్కుపోయిన పరికరానికి కట్టి ఉంది. రాతిలోని చమురును అక్కడికక్కడే పీల్చి, దాని ఒత్తిడీ, బరువూ, అందులో కలిసిన గ్యాసూ కొలిచే పరికరం అది. పొద్దుటినుంచీ కొలుస్తూ ఒకేచోట ఉండిపోయింది. బావిలోని బురద పట్టేసింది.

“తాడు తెగుద్ది సారూ.”

“అడుగున పిన్ను ఉందిగా. తెగితే అది తెగుతుంది. నువ్వు లాగు,” అన్నాడు వెనక నిలబడ్డ ఇంజనీరు లొత్ఫీ.

నిజమే. తాడు పైన తెగి మనుషుల్ని కోసెయ్యకుండా పరికరం మెడ దగ్గర బలహీనమైన పిన్ను పెడతారు. ఎరుపు రంగుది. ముందు అది విరగాలి. మబ్రూక్ బతుకంతా ఆ నమ్మకం మీదే గడిచింది. సొంతూరు ఎల్ ఊద్‌లో ఇంటికి పోయినా నిద్రలో అతని కుడిచెయ్యి అక్కడ లేని పిడిని లాగుతూనే ఉంటుంది. “నన్నూ బావిలోకి దింపుతావేమో,” అని భార్య జోహ్రా ఎత్తిపొడుస్తుంది. చమురు దొరికితే ఇంజనీరు పేరు చెబుతారు. తాడు తెగితేనే వించివాడి పేరు తలుస్తారు.

ఇంకొంచెం లాగాడు.

తుపాకీ పేలినట్టయింది. తెగిన తాడు కొరడాలా వచ్చి అద్దాన్ని బద్దలుకొట్టి, మబ్రూక్ పొట్టను చీల్చి, సీటు ఇనుమును వంచేసి ఆగింది. వెనకున్న లొత్ఫీకి గీరైనా పడలేదు.

నొప్పి లేదు. ఒడిలో వేడి మాత్రం. జేబులోని ఖర్జూరాలు నెత్తుట్లో నానుతున్నాయి.

బయట కేకలు. పిన్ను బిగించే జెల్లూల్‌ని మెట్ల మీదనుంచి ఈడ్చి ఇసుకలో పడేశారు. మేస్త్రీ బూజిద్ చేతిలో పైపు పానా ఉంది.

“ఏ పిన్ను బిగించావురా? ముసలాణ్ణి చంపేశావు గదరా!”

“ఎర్రదే అన్నా... మా అమ్మ మీద ఒట్టు...”

పానా దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మబ్రూక్ దాకా వచ్చింది. మళ్లీ పడింది.

లొత్ఫీ మోకాళ్ల మీద కూర్చుని గాయంలోకి గుడ్డ అదుముతున్నాడు. “మాట్లాడకు అన్నా. ఊరుకో.”

అన్నా. ఇన్నేళ్లలో మొదటిసారి.

తెల్లవారుజామున, పరికరం బావిలోకి దించకముందు, జెల్లూల్ నమాజుకు పోయినప్పుడు దాని దగ్గర గొంతుక్కూర్చున్నది ఈ లొత్ఫీయే. చేతిలో పానా. ఎర్రటిదేదో చొక్కా జేబులో వేసుకున్నాడు. సరిచూస్తున్నాడనుకున్నాడు మబ్రూక్. పోయిన నెలే ఒక పరికరాన్ని బావిలో పోగొట్టుకున్నాడతను. ఇది కూడా పోతే ఉద్యోగం ఉండదు. విరగని పిన్ను బిగిస్తే పరికరం దక్కుతుంది.

మబ్రూక్ నెత్తుటి చెయ్యి లేచింది. ఆసరాకేమో అనుకుని లొత్ఫీ వంగాడు. రెండు వేళ్లు అతని జేబులోకి దిగాయి. పిన్ను ఇనుప నేల మీద పడి గుమ్మం దాటి దొర్లింది. బూజిద్ ఎత్తిన పానా ఆగిపోయింది.

“వాణ్ణి వదలండ్రా,” అన్నాడు మబ్రూక్. ఊపిరి అందడం లేదు. “అది... లొత్ఫీ జేబులోది. మార్చింది లొత్ఫీ.”

కుడిచెయ్యి పిడి మీద వాలింది. ఇక లాగలేదు.

మెట్టు మీద, విరగాల్సిన పిన్ను విరక్కుండా ఎర్రగా మెరుస్తోంది.