జిప్పు పడని కోటు

కెనడాలోని విండ్సర్‌లో తెలుగు చర్చి బేస్‌మెంట్‌లో ఒక గది ఉంది. కొత్తగా దిగిన స్టూడెంట్లు వచ్చి కావలసిన బట్టలు, గిన్నెలు ఊరికే పట్టుకుపోతారు. ఏ మతమని ఎవరూ అడగరు. నేను గుడికి పోయేదాన్నే అయినా, గుమ్మం ముందు పడేసి పోయిన సంచులు విప్పి ఏరే పనిలో కృపాబాయి గారికి తోడు నేనే. ఆవిడకు ఓపిక ఎక్కువ. నాకు బొత్తిగా లేదు.

ఆ సంచుల్లో ఏముంటాయో చెబితే మీకు అన్నం సయించదు. బొందు లేని పైజామాలు, జత లేని బూట్లు, ఉతకని దుప్పట్లు. ఒకసారి ఎవరో వాడేసిన టూత్‌బ్రష్ కూడా ఇచ్చారు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నారు పెద్దలు. మా ఊళ్ళో చెత్తబండికి పోయేదంతా స్టూడెంటార్పణం.

ఆ చెత్త మోయలేక చర్చి పెద్ద పీటర్ గారు నాతో తెగేసి చెప్పారు. "సుగుణ గారూ, ఇంకొక్క ప్రాబ్లమ్ వచ్చిందంటే రూమ్‌కి లాక్ వేసేస్తానండి. మనం నడిపేది చర్చి, డంప్ యార్డ్ కాదు."

తాళం పడితే ఆ సంచులిచ్చేవాళ్ళకు పోయేదేమీ లేదు. పోయేది రిషిత లాంటి పిల్లలకే. కరీంనగర్ నుంచి నడి జనవరిలో పల్చటి స్వెటర్‌తో దిగిందా పిల్ల. కాఫీ షాపులో తెల్లవారుజాము షిఫ్టు, బస్సు కోసం మంచులో నిలబడాలి. గదిలో మిగిలింది ఒకే ఒక్క మగవాళ్ళ కోటు. దానికి జిప్పు పడదు. "ఏం కాదు ఆంటీ, చేత్తో పట్టుకుంట" అంది. నాకు కడుపు మండిపోయింది.

ఆ శనివారం తెలుగు సంఘంవాళ్ళు కొత్త స్టూడెంట్లకు అదే బేస్‌మెంట్‌లో విందు పెట్టారు. ముఖ్య అతిథి యోగానంద్ గారు. మూతులు కట్టిన నల్లసంచుల పక్కన నిలబడి 'ఇవ్వడంలోనే ఆనందం' అంటూ వాట్సాప్‌లో ఫోటో పెట్టిన దాత ఆయనే. సంచుల్లో ఏముందో ఫోటోలో పడదు కదా! ఆయనకు శాలువా కప్పారు. దాత బాధ్యత గురించి ఆయన అందుకున్నారు.

ఇంతలో అన్నం తక్కువయ్యేలా ఉందని కృపాబాయి గారు మా గదిలోంచి ఒక రైస్ కుక్కర్ తెచ్చి ప్లగ్గులో పెట్టారు. దాని గాజు మూత ఎప్పుడో పగిలినట్టుంది, బదులుగా స్టీలు పళ్ళెం ఉంది. "చూశావా సుగుణా, మూత లేకపోతే పళ్ళెం పెట్టి మరీ ఇచ్చారు. ఎంత మంచి మనసో!" అని ఆవిడ మురిసిపోయారు.

యోగానంద్ గారు బాధ్యత దగ్గరే ఉండగా కుక్కర్ వైరు కాలింది. పొగ లేచింది. ఫైర్ అలారం మోగింది. అందరం ఎక్కడి కోట్లు అక్కడే వదిలేసి మంచులోకి పరుగెత్తాం. ఆ రోజు సాయంత్రం షిఫ్టు కూడా చేసి అప్పుడే వచ్చిన రిషిత ఒంటిమీద మాత్రం కోటుంది. శాలువాలో వణుకుతున్న పెద్దమనిషిని చూసి ఆ పిల్ల కోటు విప్పి ఇచ్చింది. "మీరేసుకోండి అంకుల్, నాకు అలవాటైంది." ఆయన వెంటనే వేసుకున్నారు.

పీటర్ గారు మాడిన కుక్కర్, దాని మీది పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చారు. "అయిపోయిందండి. రేపట్నుంచి రూమ్ క్లోజ్." కృపాబాయి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"క్లోజ్ చెయ్యాల్సిందే!" అని యోగానంద్ గారు ఎగిరారు. "ఇలాంటివి డొనేట్ చేసేవాళ్ళకి సిగ్గుండాలండీ. ఇదిగో, ఈ కోటు చూడండి, జిప్పు పడి చావట్లేదు. ఏ మహానుభావుడిచ్చాడో!"

మనవాళ్ళు స్టీలు సామాను ఇస్తే దాని మీద పేరు చెక్కించకుండా ఇవ్వరు. పీటర్ గారు పళ్ళేన్ని వీధిలైటు వైపు తిప్పి, అంచు మీది అక్షరాలు పైకే చదివారు. "బాలత్రిపురసుందరికి, యోగానంద్‌కి పెళ్ళికానుక. పెద్దత్త."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. బాలత్రిపురసుందరి గారే ముందుకు వచ్చి భర్త కాలరు తిప్పి చూశారు.

"కోటు కూడా మీదేనండీ. చెత్తలో పడేయండని నేను మూటలు కట్టి ఇస్తే, మీరు వాటి పక్కన నిలబడి ఫోటో దిగారు."

అలారం ఆగాక ఆవిడ లోపలికి వెళ్ళి భర్త కొత్త కోటు తెచ్చారు. రిషితకు తొడిగి, జిప్పు మెడదాకా లాగారు.

"పడిందా అమ్మా?"

"పడింది ఆంటీ. మరి అంకుల్‌కి?"

"అంకుల్ ఇచ్చింది అంకుల్‌కుందిగా."

పీటర్ గారు తాళంచెవి జేబులో వేసుకున్నారు. "సరే, రూమ్ ఉంటుంది. కానీ ఏదిచ్చినా ముందు మా ఎదురుగా వాడి చూపించాలి."

"ఇవాళ ఒకరు మొదలుపెట్టారు కదండీ" అన్నాను నేను. ఊరుకోవడం నాకు చేతకాదు.

యోగానంద్ గారు రెండు చేతులతో కోటు మూసి పట్టుకుని కారు దాకా నడిచారు. చెయ్యి వదిలితే చలి, వదలకపోతే తలుపు రాదు. భార్య వచ్చి తీస్తారని అక్కడే నిలబడ్డారు. ఆవిడ మాతోపాటు గిన్నెలన్నీ కడిగాకే వెళ్ళారు.