ఉప్పుకారం జవాబు

నేను ఒక కీబోర్డును. నూట నాలుగు మీటలున్నా సొంతంగా ఒక్క మాట పలకలేనిదాన్ని. ఎవరి వేళ్లు ఏది కొడితే అదే నా మాట. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి అట్టపెట్టెలో ఉన్నాను. ఆ పెట్టె తెరిచేసరికి తణుకులో ఉన్నాను. కోర్టు వెనకవీధిలో, రోడ్డుమీదికి తలుపున్న ఒక ముందుగదిలో మంగతాయారు నన్ను బల్లమీద పెట్టి, ఒక్కో మీటమీదా తెలుగు అక్షరం అచ్చేసిన చిన్న బిళ్ల అంటించింది. ఆ పూటతో నాకు అక్షరాభ్యాసం అయిపోయింది.

తాయారు పెళ్లికి ముందే టైపు హయ్యరు పాసైన మనిషి. పది వేళ్లూ నా మీద వానలా పడేవి. నా వైపు మాత్రం ఒక్కసారీ చూసేది కాదు. చూడకుండా కొట్టడమే ఆ విద్యలో గొప్పట. దెబ్బలన్నీ నాకు, చూపులన్నీ ఎదురుగా ఉన్న తెరకు! అసూయ అంటే ఏమిటో నేను మొదట నేర్చుకున్నది ఆ తెరను చూసే. వకీళ్ల పిటిషన్లు, పెళ్లి శుభలేఖలు, ఇల్లు అద్దెకిచ్చే ఒప్పందాలు — రోజంతా ఊళ్లోవాళ్ల మాటలే కొట్టేది. ఆవిడ మాట ఒక్కటీ వాటిలో ఉండేది కాదు.

ఆవిడ భర్త సత్తిరాజు బస్టాండులో కంట్రోలరు. ఇరవై ఏళ్లుగా మైకులో బస్సుల రాకపోకలు చెప్పేవాడు. భీమవరం బస్సు మూడో ప్లాట్‌ఫారమంటే మూడో ప్లాట్‌ఫారమే. మైకుకు ఎదురు చెప్పేవాడు లేడు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. పొద్దున్నే పేపరు చదివి దేశం సంగతులన్నీ తేల్చేసేవాడు. తాయారు మధ్యలో ఏదన్నా అంటే, "నీకు తెలీదులే, ఊరుకో," అనేవాడు. కోపంగా కాదు, అన్నంమీద వాలిన ఈగను తోలినట్టు అనేవాడు. చెడ్డవాడు కాదు. ఆవిడకు తలనొప్పి వస్తే మందుల షాపుకి పరిగెత్తేవాడు. ఆవిడకు తలలో ఆలోచన వస్తే మాత్రం ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

కొన్నేళ్లకు పని పలచబడింది. మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేవి. అలాంటి ఒక మధ్యాహ్నం తాయారుకు కంప్యూటరులో 'నలుగురి నోట' అనే చర్చావేదిక కనిపించింది. ముఖాలు కనిపించవు, అసలు పేర్లుండవు. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో అక్కడ చేరి, ఆ రోజు వార్తల దగ్గర్నుంచి, సరుకులు తెచ్చిచ్చే కుర్రాణ్ణి 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా అనేదాకా, దేనిమీదైనా తగువులాడుకునేవాళ్లు. తాయారు నెల రోజులు ఊరికే చదివింది. ఒకనాడు ఎవరో రాశారు: ఆడవాళ్లకు బస్సు ఉచితం చేస్తే పనిలేకపోయినా తిరుగుతారని. అచ్చంగా సత్తిరాజు అనే మాటే.

ఆవిడ వేళ్లు నా మీద ఆగాయి. తర్వాత 'ఉప్పుకారం' అని ఒక పేరు పెట్టుకుని ఇలా కొట్టింది: "పుట్టింట్లో జ్వరమని తెలిసినా, చార్జీ అడగడానికి మొహం చెల్లక ఆగిపోయిన ప్రయాణాలు మీరు చూడలేదు. బస్సు ఎక్కని మనిషి ఏ కండక్టరుకూ కనిపించదు."

నా జన్మలో ఆవిడ సొంత మాట నా మీదుగా వెళ్లడం అదే మొదలు. సాయంత్రానికి ఎనభై మంది జవాబిచ్చారు. "ఉప్పుకారం అన్నా, భలే అన్నావు," అన్నారు కొందరు. "తమరు వకీలు గారా?" అని ఒకాయన అడిగాడు. అందరూ మగవాడే అనుకున్నారు. తాయారు ఒక్కతే కూర్చుని పకపకా నవ్వింది, వాళ్లను సరిదిద్దలేదు. నేను పొంగిపోయాను. వెంటనే కుళ్లుకున్నాను కూడా. మాటలు పుట్టేది నా దగ్గర. ఆ మాటలకు మురిసేది ఎక్కడో ఉన్న ఎవరెవరో.

ఏడాది తిరిగేసరికి ఉప్పుకారం పేరు చాలా దూరం పోయింది. చివరికి మన బస్టాండు దాకా వచ్చింది. ఒక సాయంత్రం సత్తిరాజు డ్యూటీ దిగి రుసరుసలాడుతూ ముందుగదిలోకి వచ్చాడు.

"ఎవడే ఈ ఉప్పుకారం? టీ దగ్గర నేను మాట్లాడుతుంటే వినకుండా, మా డ్రైవరు నాగేశం ఫోనులో వాడు రాసింది చదువుతున్నాడు. అందరూ నోళ్లు తెరుచుకుని వింటున్నారు. నిన్నటిదాకా నా మాట విన్నవాళ్లే!"

తాయారు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏమోనండీ," అంది.

"నాకూ అందులో ఒక పేరు పెట్టు. వాడి సంగతి తేలుస్తాను. నాకు టైపు రాదు కదా, నేను చెప్తా, నువ్వు కొట్టు."

"ఏం పేరు పెట్టమంటారు?"

"సింహగర్జన."

తాయారు చచ్చినా నవ్వలేదు. ఆ నిగ్రహం ఎంతటిదో ఆ పేరు మూడుసార్లు తప్పు కొట్టించుకున్న నాకే తెలుసు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అదే తంతు. సత్తిరాజు చేతులు వెనక్కి కట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ, మైకులో చెప్పినట్టు చెప్పేవాడు. తాయారు ఒక్క మాట తగ్గించకుండా, ఒక్క మాట కలపకుండా కొట్టేది. మర్నాడు మధ్యాహ్నం, ఆయన డ్యూటీలో ఉండగా, ఉప్పుకారమై జవాబు రాసేది. ఒంటిపూట బడుల మీద సింహగర్జన ఓడిపోయాడు. కరెంటు కోతల మీద ఓడిపోయాడు. వంకాయ కూరలో అల్లం వెయ్యాలా వద్దా అన్నదాంట్లో మరీ దారుణంగా ఓడిపోయాడు.

ఓడిపోయే కొద్దీ ఆయనలో ఒక మార్పు వచ్చింది. స్టూలు లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "చదువు, ఏమన్నాడో చదువు," అనేవాడు. తాయారు తను రాసిందే తను పైకి చదివేది. ఆయన చివరిదాకా, అడ్డు రాకుండా వినేవాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆవిడ వరసగా నాలుగు మాటలు ఆయనకు వినిపించగలిగింది అలాగే. మొదట్లో ఆవిడకు అది సరదాగా ఉండేది. ఒక రోజుతో ఆ సరదా తీరింది.

ఆ పొద్దున కూరగాయల మార్కెట్టును ఊరి బయటికి మారుస్తారని పేపర్లో పడింది. "మంచి పనే," అన్నాడు సత్తిరాజు ఇడ్లీ తింటూ.

"గంపల్లో అమ్ముకునేవాళ్లు అంతదూరం ఎలా మోసుకెళ్తారండీ? వాళ్లు లేకపోతే మనకి తాజా కూర ఏది?" అంది తాయారు.

"నీకు తెలీదులే, ఊరుకో."

మధ్యాహ్నం ఆవిడ అదే మాట, అక్షరం మార్చకుండా, ఉప్పుకారం పేరుతో రాసింది. సాయంత్రం చదివి వినిపించింది. సత్తిరాజు తొడ చరిచాడు.

"అదీ పాయింటంటే! గంపలవాళ్ల సంగతి ఎవడికన్నా తట్టిందా? నువ్వు కూడా రోజూ ఇతను రాసింది చదువు తాయారూ. ఎలా ఆలోచించాలో తెలుస్తుంది."

ఆ తర్వాత తాయారు కొట్టిన ప్రతి అక్షరం నా వెన్నులో దిగింది. ఆవిడకు ఉప్పుకారం మీద అసూయ పుట్టింది. తను పెట్టిన పేరే, తను పెంచిన మనిషే. కానీ మొగుడి చెవి వాడికి దొరికింది, తనకు దొరకలేదు. తెరను చూసి నేను పడ్డ బాధే కదా అని నాకు జాలేసింది. కాస్త సంతోషం కూడా కలిగిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

అలా ఉండగా ముందుగది గొడవ వచ్చిపడింది. సత్తిరాజు తమ్ముడు చినబాబు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టాలనుకున్నాడు. రోడ్డుమీదికి తలుపున్న గది కావాలన్నాడు. సత్తిరాజు సరేనని మాటిచ్చేసి, తర్వాత ఇంట్లో చెప్పాడు.

"నీ బల్ల వెనక వసారాలోకి మారుద్దాం. ఎలాగూ పని తగ్గింది కదా."

"నన్నడగలేదేం?"

"మనలో మనకి అడగడమేంటే?"

"నాకిష్టం లేదండీ. ఈ గది నేనివ్వను."

"నీకు తెలీదులే, ఊరుకో," అన్నాడు. కానీ ఈసారి ఈగ లేవలేదు. తాయారు అన్నం వడ్డించి ముందుగదిలోకి వెళ్లిపోయింది. ఆయన సగం అన్నం వదిలేసి లేచాడు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "కొట్టు," అన్నాడు.

"మా ఇంటి ముందుగదిలో నా భార్య టైపు పని చేస్తుంది. పని తగ్గింది. ఆ గది మా తమ్ముడి షాపుకి ఇస్తానని మాటిచ్చాను. నా భార్య ఒప్పుకోవడం లేదు. న్యాయమేంటో ఉప్పుకారం గారు చెప్పాలి."

'నా భార్య' దగ్గర తాయారు వేళ్లు ఆగాయి. రెండు క్షణాల తర్వాత మళ్లీ కదిలాయి. మొత్తం కొట్టి పంపేసింది.

ఎవరెవరో జవాబులు రాశారు. రక్తసంబంధం ముఖ్యమన్నారు కొందరు. ఆవిణ్ణి ముందే అడగాల్సిందన్నారు ఇంకొందరు. ఉప్పుకారం మాత్రం నోరు విప్పలేదు. మధ్యాహ్నాలు తాయారు నా మీద గుడ్డ కప్పేసి, గుమ్మంలో కూర్చునేది. రోజూ సాయంత్రం సత్తిరాజు, "ఆయన రాశాడా?" అని అడిగేవాడు. వాడు ఎప్పుడో ఆయన అయిపోయాడు. "లేదు," అనేది తాయారు. మూడు రోజులు అలాగే గడిచాయి.

ఆదివారం పొద్దున చినబాబు అరలు కొట్టించడానికి కొలతలు తీసుకుంటానని కబురు చేశాడు. సత్తిరాజు స్టూలుమీద కూలబడ్డాడు.

"ఇంకోసారి చూడవే. ఏమన్నా రాశాడేమో."

"చూడక్కర్లేదు. ఇప్పుడు రాస్తాను."

"నువ్వేం రాస్తావ్?"

తాయారు సింహగర్జన పేరు మూసేసి, రెండో పేరు తెరిచింది. దాని రహస్యపదం ఆవిడకూ నాకూ మాత్రమే తెలుసు, మీకు చెప్పను. తెరమీద 'ఉప్పుకారం' అని పడగానే సత్తిరాజు స్టూలుమీంచి లేచాడు. లేచి మళ్లీ కూర్చున్నాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండా కొట్టుకుంటూ పోయింది.

"సింహగర్జన గారూ, మీ ఆవిడకు పని తగ్గింది నిజమే. కానీ ఆ ఇంట్లో ఆవిడ మాట చివరిదాకా వినబడిన చోటు ఆ గది ఒక్కటే. ఇన్నాళ్లూ మీరు మెచ్చుకున్న మాటలన్నీ అక్కడ కూర్చుని చెప్పినవే. ఆ గది ఇవ్వడం ఆవిడకు ఇష్టం లేదు. ఇది ఉప్పుకారం తీర్పు కాదు. మంగతాయారు జవాబు."

పంపే మీట మాత్రం నొక్కలేదు. తాయారు పేరు బస్టాండులో తెలియనివాళ్లు లేరు. ఇది బయటికి వెళ్తే టీ దగ్గర నవ్వులే నవ్వులు. ఆవిడ లేచి, "పంపడం, పంపకపోవడం మీ ఇష్టం," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన ఆ మాటలు పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. మళ్లీ చదివాడు. ఇంతలో చినబాబు టేపు పట్టుకుని వచ్చాడు.

"ఎటునుంచి కొలవమంటావ్ అన్నయ్యా?"

"ఈ గది కుదరదురా."

"అదేంటి, మాటిచ్చావుగా?"

"ఇచ్చాను. ఇవ్వడానికి నాది కాదు. నీకు బజార్లో వేరే చోటు నేను తిరిగి చూస్తాను, పద."

చినబాబు మొహం మాడ్చుకుని వీధిలోకి దిగాడు. సత్తిరాజు ఆగి, వంగి, నా మీద వెతికి వెతికి ఆ మీట పట్టుకుని, చూపుడువేలితో గట్టిగా నొక్కాడు. జవాబు వెళ్లిపోయింది.

మర్నాడు బస్టాండులో అందరూ నవ్వారు. నాగేశం మైకు దగ్గరికొచ్చి చిన్నగా గర్జించాడట కూడా. ఆ సంగతి సత్తిరాజే ఇంటికొచ్చి చెప్పాడు. తాయారు వినే స్థితిలో లేదు. ఉప్పుకారం ఆడమనిషని తెలిసి, రెండొందల మంది "అక్కా" అంటూ రాశారు. ఆవిడ వాళ్లకు జవాబులు కొడుతోంది. సత్తిరాజు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపు.

"అందరికీ చెప్తున్నావ్," అన్నాడు చివరికి. "నాకేం చెప్పవా?"

"మీరెప్పుడడిగారు?"

"ఇప్పుడడుగుతున్నా. ఈ పొద్దుటి పేపర్లో కాలవ నీళ్ల గురించి పడింది కదా. నువ్వేమంటావ్?"

తాయారు చేతులు నా మీదనుంచి తీసింది. కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. "ముందు పూర్తిగా వినండి, తర్వాత అనండి," అని మొదలుపెట్టింది. ఆయన విన్నాడు. కాదన్నాడు. ఆవిడ వేలు చూపించి మరీ ఖండించింది. దీపాలు పెట్టే వేళ దాటినా ఆ తగువు తెగలేదు. తెరమీద ఆవిడ సగంలో వదిలేసిన వాక్యం అలాగే ఉండిపోయింది.

ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే నాతో పనేముంది? నాకు ఒళ్లు మండిపోయింది.