మూడో వద్దు

ఫిన్లాండ్ నుంచి తిరిగొచ్చి నెల దాటినా నాకు ఏడుపు రాలేదు. దీని గురించి నాకంటే మా గల్లీకే దిగులెక్కువ. ఎదురింటి సుగుణమ్మత్త రోజూ పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని వస్తుంది. మబ్బు పట్టిందా లేదా అని రైతు పైకి చూసినట్టు నా మొహంలోకి చూస్తుంది. "ఏడ్వు బిడ్డా, జర ఏడ్వు. లోపట్నే పెట్టుకుంటె గుండెల గడ్డ కడ్తది" అని చెప్పి, చాయ్ తాగేసి పోతుంది. నేనేం చేయను? నా ప్రయత్నం నేనూ చేశాను. అవ్వ చీర మొహానికి పెట్టుకుని చూశాను. అవ్వ మంచం మీద పడుకుని చూశాను. నిద్ర పట్టింది, అంతే.

నేను అక్కడ ఉండగా ఇక్కడ మా అవ్వ నీలమ్మ చనిపోయింది. అవ్వంటే మా నాయినకు అమ్మ. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోతే, నన్ను పెంచింది అవ్వే. అవ్వ పోయిన సంగతి ఇంటికొచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి జహీరాబాద్ వచ్చేదాకా నాయిన కారులో అల్లం ధర గురించే మాట్లాడాడు. ఇంటి ముందు దిగి, చెప్పులు విడుస్తూ "అవ్వా" అని కేకేశాను. అప్పుడు చెప్పాడు.

"అవ్వ లేదు బిడ్డా. అవతలి సోమారం నాడు పోయింది. నువ్వు పరాయి దేశంల ఒక్కదానివి ఉన్నవని చెప్పలే."

"అట్లనా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. కాళ్లు కడుక్కున్నాను. ఆకలేస్తే తిన్నాను.

మావాళ్లలో దహనం లేదు. చేతిలో లింగం పెట్టి, కూర్చోబెట్టి సమాధి చేస్తారు. కోహీర్ దారిలో మా అల్లం చేను గట్టున చేశారు. మర్నాడు తీసుకెళ్లి చూపించారు. మట్టి చూశాను. ఈసారి అల్లం బాగానే ఏపుగా వచ్చిందే అనుకున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "సోమారం పోయింది, శివుని దినం, పుణ్యాత్మురాలు." వినీ వినీ ఆ మాటకు అర్థం అరిగిపోయింది.

నాయిన మీద కోపమైనా రావాలి కదా? అదీ రాలేదు. మా నాయిన చెన్నబసప్ప బజారులో అల్లం కమీషన్ దుకాణం నడుపుతాడు. హైవే అవతల ఉన్న లారీ డ్రైవర్‌ను ఇవతలి నుంచి పిలిచే గొంతు ఆయనది. అలాంటి మనిషి ఇప్పుడు నాతో ఆఫీసర్‌తో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. "తింటవా బిడ్డా?" అంటాడు. "వద్దు" అంటాను. "మంచిది" అని పక్కకు తప్పుకుంటాడు. మా ఇంట్లో ఇంత మర్యాద ఎన్నడూ లేదు.

ఇలా ఉండగా జగన్‌మోహన్ సార్ వచ్చాడు. మా ఊళ్లో ఒక క్లబ్బుకు ఆయన సెక్రెటరీ. పరాయి దేశం వాళ్ల ఇళ్లల్లో ఉండి, వాళ్లతో తిని, తిరిగి, మన పద్ధతులు వాళ్లకు చెప్పి, వాళ్లవి మనం నేర్చుకుని రావడానికి ఏటా ఒకరిని పంపుతారు. ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెప్పుకునే నన్ను ఈసారి పంపారు. వచ్చినవాళ్లు ఫంక్షన్ హాల్లో మాట్లాడాలన్నది రివాజు.

"శ్వేతా, నువ్వు జర నవ్వొచ్చేటట్లు చెప్పాలె. ఏమేం చూసినవ్, ఏం తిన్నవ్, గదంత" అన్నాడు. ఆయన నాయిన వైపు చూడలేదు, నాయిన ఆయన వైపు చూడలేదు. అప్పుడు నేనది పట్టించుకోలేదు. కాదనడానికి కూడా కొంత ఓపిక కావాలి. సరేనన్నాను.

ఏం తిన్నానో చెప్పడం సులువే. ఏమీ తినలేదు. అదే నా ఉపన్యాసం.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. మైకు పట్టుకుని ముందు మా అవ్వ సూత్రం చెప్పాను. అవ్వ లెక్కలో మనిషి అనే 'వద్దు'లు మూడు. "మొదటి వద్దు మొగమాటంది. రెండో వద్దు మర్యాదది. మూడో వద్దే కడుపుది. మూడోది వినేదాక గంటె కింద పెట్టొద్దు" అనేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ మా అవ్వ అడక్కుండా పెట్టేది, వద్దన్నా పెట్టేది, పళ్లేనికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పెట్టేది. హాలంతా నవ్వారు. అందరి ఇళ్లల్లో ఒక అవ్వ ఉంటుంది కదా.

"ఈ సూత్రం నెత్తిన పెట్టుకుని నేను ఫిన్లాండ్ పోయాను" అన్నాను. మొదట ఉంచింది ఒక కుర్ర జంట ఇంట్లో. మొదటి రోజే బంగాళాదుంపలు, బఠానీ చారు, నల్ల రొట్టె పెట్టారు. నేను మాంసం తిననని ముందే కనుక్కుని చేశారు పాపం. ఇంకొంచెం వేయనా అని ఆ అమ్మాయి అడిగింది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అయినా పద్ధతి పద్ధతే కదా, వద్దన్నాను. రెండోసారి అడుగుతుందని పళ్లెం కొంచెం ముందుకు కూడా జరిపాను. ఆమె గిన్నె మీద మూత పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, తలుపేసింది. ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత కైసా ఇంటికి మారాను. రిటైరైన నర్సు. పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది. ఫోన్లో అవ్వకు ఆ పేరు చెప్పేసరికి పెద్ద రచ్చయింది.

"ఆమె పేరేంది?"

"కైసా."

"ఆమె పేరు అడిగితె, ఎట్లున్నవని నన్నడుగుతవేందే?"

అర్థమయ్యాక అవ్వకు అదొక ఆటైపోయింది. ప్రతి ఆదివారం వీడియో కాల్లో ముందు ఆమెనే పిలిచేది. "కైసా, కైసా హై?" అని అరిచేది. కైసా వంటింట్లోంచి తల బయటపెట్టి, నేను నేర్పినట్టు "అచ్ఛా హై" అనేది. ఇద్దరూ విరగబడి నవ్వేవారు. హాలు కూడా విరగబడి నవ్వింది.

కైసా ఇంట్లోనూ అదే మూత, అదే ఫ్రిజ్. అవ్వ కట్టిచ్చిన కడక్ రొట్టెలు, పల్లికారం నా గదిలో తలుపేసుకుని నమిలేదాన్ని. జొన్నవి, ఎండినవి, ఎంత మెల్లగా కొరికినా కరకరమంటాయి. గోడలో ఎలుక చేరిందని కైసా బోను తెచ్చి పెట్టింది. ఇక దాచలేక మూడు వద్దుల సంగతి విప్పి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "నువ్వు వద్దన్నాక మళ్లీ అడిగితే, నువ్వు అబద్ధం చెప్పావని అన్నట్టు కదా? అది నా వల్ల కాదు. నాకు వద్దంటే వద్దే, కావాలంటే కావాలే" అంది. బోను మాత్రం తీసేసింది.

"అలాంటి మనిషి కూడా మారింది" అన్నాను. నా ఉపన్యాసానికి ఇదే చివరి చెణుకు. చాలాసార్లు అద్దం ముందు చెప్పుకున్నాను. "ఒక సాయంత్రం అక్కడి బడిలో పిల్లలకు ముగ్గులు వేసి చూపించి, అలసిపోయి వచ్చాను. కిటికీలో కొవ్వొత్తి వెలుగుతోంది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. భోజనంలో కైసా ఇంకొంచెం వేయనా అంది. వద్దన్నాను. మూత తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది. మళ్లీ అడిగింది! వద్దన్నాను. నా పక్కన కుర్చీ జరుపుకుని కూర్చుని మూడోసారి అడిగింది. ఆ రోజు నుంచి వచ్చేదాకా ప్రతిపూటా మూడేసి సార్లు. చూశారా, ఒక్క సోమవారంతో ఫిన్లాండ్‌కు మర్యాద..."

సోమవారం అన్న మాట నా చెవికే తగిలింది.

హాలంతా నవ్వుతున్నారు. ఇద్దరు నవ్వడం లేదు. రెండో వరుసలో మా నాయిన తల వంచుకుని చేతులు చూసుకుంటున్నాడు. ముందు వరుసలో జగన్‌మోహన్ సార్ కళ్లజోడు తీసి పట్టుకున్నాడు. సోమారం పోయింది, శివుని దినం, పుణ్యాత్మురాలు. ఆ కొవ్వొత్తి కరెంటు పోయి వెలిగించింది కాదు. ఆ తర్వాతి ఆదివారం ఫోన్లో నాయిన "అవ్వ పండుకున్నది బిడ్డా" అన్నాడు. ఆ రోజు కైసా ఫోన్ దగ్గరికి రాలేదు. కట్టెలు తెస్తానని బయటికి వెళ్లి, ఫోన్ పెట్టేశాక వచ్చింది. చేతుల్లో కట్టెలు లేవు.

మిగతా వాక్యం చెప్పలేదు. నమస్కారం పెట్టి దిగిపోయాను. చెణుకు వినకుండానే చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు.

బయట హైవే మీద లారీలు పోతున్నాయి. జగన్‌మోహన్ సార్‌ను పక్కకు పిలిచి అడిగాను. "సార్, కైసాకు ఎరుకనా?"

ఆయన చేతిలోని కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఆ సోమారం మీ నాయిన పొద్దుగాల్నే నాకు ఫోన్ చేసిండు బిడ్డా. ఎంత తొందరొచ్చినా సమాధికి అందవు, అక్కడ ఒక్కదానివి ఏడ్చుకుంట కూసుంటవని చెప్పొద్దన్నడు. నేను ఆమెకు ఫోన్ చేసిన. ఆమె ఒప్పుకోలే. ఆ పిల్ల అవ్వ, ఆ పిల్లకే చెప్పకుంటె ఎట్ల, అబద్ధం నాతోని కాదు అన్నది. మస్తు బతిలాడిన. మా దిక్కు గిట్లనే చేస్తరమ్మా అన్న. ఆఖరికి, అయితె నేనేం చెయ్యాలె, చెప్పు అన్నది."

"మీరేమన్నరు?"

"నాకేం తెల్సు? మీ నాయిన్ని అడిగిన. ఏడుస్తున్నడు. 'దానికి కడుపునిండ పెట్టుమను సార్. వద్దంటది, ఇననట్లే చెయ్యుమను. మా అమ్మ అడిగినట్లు మళ్ల మళ్ల అడుగుమను' అన్నడు. అదే చెప్పిన."

ఫిన్లాండ్‌కు మర్యాద నేర్పిన గురువును నేనే అనుకున్నాను. శాలువా కూడా కప్పించుకున్నాను.

నాయిన బండి మీద ఇంటికి వచ్చాం. దారిలో ఆయన అల్లం ధర కూడా చెప్పలేదు. ఆయన వీపు, కాలర్, మెడ మీద చెరగని విభూతి నా కళ్ల ముందే ఉన్నాయి. అన్నీ తెలిశాయి, ఇప్పుడైనా ఏమైనా వస్తుందేమో అని చూసుకున్నాను. ఏమీ లేదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లితే, మన కాలేనని తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. అలాగే ఉంది. అక్కడ ఆ పెద్దావిడ ఒక్క అబద్ధం మోయడానికి ఎంత కష్టపడిందో తలుచుకున్నా ఏమీ రాలేదు. నాకు భయమేసింది. అవ్వ కోసం ఎప్పటికీ ఏడవనేమో అని మొదటిసారి భయమేసింది.

అవ్వ పోయాక మా ఇంట్లో రొట్టెలు కాల్చడం లేదు. వెనక గల్లీలో బస్వమ్మ చేసి అమ్ముతుంది, నాయిన తెస్తాడు. ఆ పూట కూడా జొన్నరొట్టెలు, పుంటికూర అవ్వ డబ్బాలో తెచ్చి నేల మీద పెట్టాడు. నాకు రొట్టె వేసి, తాను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన నా పళ్లెం చూస్తున్నాడు, నేను నా పళ్లెం చూస్తున్నాను. రొట్టె అయిపోయింది.

"ఇంకోటి పెట్టనా బిడ్డా?"

"వద్దు."

"మంచిది" అన్నాడు. డబ్బా మీద మూత పెట్టాడు.

అదే చప్పుడు. ఆ ఫిన్లాండ్ మూత మా ఇంట్లో, మా అవ్వ డబ్బా మీద పడింది. ఎక్కడో ఉన్న పరాయి మనిషితో నన్ను మూడుసార్లు అడిగించిన మా నాయిన, ఎదురుగా కూర్చుని ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. నేనంటే ఆయనకు అంత భయం పట్టుకుంది.

"నాయినా."

"ఆఁ."

"అది మొదటి వద్దే."

ఆయన చెయ్యి మూత మీదే ఆగిపోయింది. నా వైపు చూశాడు. ఇంటికొచ్చినప్పటి నుంచి అంత సూటిగా చూడలేదు.

"ఇంకోసారి అడుగు" అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. హైవే దాటే గొంతు గడప కూడా దాటలేదు. "జర తిను బిడ్డా" అన్నాడు.

"వద్దు" అన్నాను. ఆ మాట సగంలోనే విరిగింది. లోపల ఎక్కడో కట్ట తెగినట్టు తెగింది. కడుపులోంచి, నాకే తెలియని గొంతుతో, అవ్వా అని అరిచాను. చెయ్యి పళ్లేనికి అడ్డం పెట్టి ఏడ్చాను. మూడోసారి ఆయన అడగలేకపోయాడు. దగ్గరికి జరిగి, నా వేళ్ల సందుల్లోంచే రొట్టె ముక్క పెట్టాడు.

ఎదురింటి తలుపు గడియ తీసిన చప్పుడైంది. సుగుణమ్మత్త వస్తోంది. రానీ అనుకున్నాను.