యాభై కిలోమీటర్ల రూలు

రోజూ పొద్దున ఆరున్నరకి గిలేన్ వంటింట్లో నిలబడి, పాలగిన్నెని రెండు చేతులతో పట్టుకుని, ఇన్సూరెన్స్ వాళ్ళు రాసిన ఉత్తరం ఎదురుగా పెట్టుకుని చదువుకుంటుంది. మూడో లైనుకొచ్చేసరికి పాలు పొంగుతాయి. కాఫీ కలుపుకుని, బ్రెడ్డు ముక్క ముంచుకు తిని, ఉత్తరం మడిచి కోటు జేబులో పెట్టుకుని పనికి బయల్దేరుతుంది.

ఆమెకి కోపమొస్తే చుట్టుపక్కల వేడెక్కుతుంది. పుట్టినప్పట్నుంచీ అంతే. కొండమీదున్న ఆ వెర్నాక్ ఊళ్ళో దాన్నెవరూ వింతగా చూడరు. చర్చిలో హీటరు చెడి పదేళ్ళయింది. అందుకని ఫాదరు గారు ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టి, పూజ మొదలయ్యే ముందు, "మీ ఆయన దగ్గర్నుంచి ఉత్తరమేమైనా వచ్చిందా అమ్మా?" అని అడుగుతాడు. రాదని ఆయనకీ తెలుసు. జనవరిలో ఆమె వెనక బెంచీ కోసం ముసలమ్మలు జుట్లు పట్టుకోవడమొక్కటే తక్కువ.

ఈ ఏడు మాత్రం ఫాదరు గారికి ఆ శ్రమ లేకుండా పోయింది. గిలేన్ కారు గేర్‌బాక్సు విరిగింది.

కారు లేకపోతే ఆమెకి కూడు లేదు. ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకి స్నానం చేయించి, సూపు కాచిపెట్టి, పొయ్యి రాజేసి వచ్చే పని ఆమెది. ఎనిమిది ఇళ్ళు, ఒకదాని నుంచి ఇంకోదానికి కొండలూ లోయలూ. చిట్టచివరి ఇల్లు ఫిర్మాన్ గారిది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, పన్నెండు కోళ్ళు, ఒక రేడియో. మోన్‌పెల్లియేలో ఉన్న కూతురు, వృద్ధాశ్రమం కాగితాల మీద సంతకాలన్నీ పెట్టేసి సొరుగులో ఉంచుకుంది. పనిమనిషి రాని రోజున తేదీ వేసి పంపించేస్తానని తండ్రికి ముందే చెప్పింది. "పంపిస్తే పంపించనీ. అక్కడ వారం కంటే ఎక్కువ బతకను," అన్నాడు ఫిర్మాన్. బెదిరింపుగా అన్లేదు. కోళ్ళకి మేత వేస్తూ అన్నాడు.

మెకానిక్ రెజిస్ ఆమెతో కలిసి బళ్ళో చదువుకున్నవాడు. గేర్‌బాక్సు వచ్చే వారం వస్తుందన్నాడు. ఆ వచ్చే వారం ఎప్పుడడిగినా వచ్చే వారమే. ఈలోగా ఇన్సూరెన్స్ వాళ్ళు కారిస్తారు కదా అని గిలేన్ ఫోన్ చేసింది. ఇంటికి ఎంత దూరంలో చెడిపోయిందని అడిగారు. నలభై మూడు కిలోమీటర్లని చెప్పింది.

రెజిస్ తల పట్టుకున్నాడు. "నలభై మూడన్నావా? నోటితో?"

"నలభై మూడే కదా మరి."

"యాభై రెండనాలే తల్లీ. ఈ ఊళ్ళో నోరున్న ప్రతివాడూ యాభై రెండే అంటాడు. మా ఆవిడ కారు గుమ్మం ముందే ఆగింది, అదీ యాభై రెండే."

యాభై దాటాక చెడితేనే కారిస్తారట. లోపల చెడితే? మంచులో నడుచుకుంటూ పొమ్మనేగా. ఇరవయ్యేళ్ళు ప్రీమియం పొల్లుపోకుండా కట్టించుకున్నప్పుడు ఎవడూ టేపు పట్టుకుని కొలవలేదు. 'మీ విన్నపాన్ని శ్రద్ధగా పరిశీలించాము' అని మొదలుపెట్టి ఆ రూలంతా ఉత్తరంలో రాసి పంపారు. చదివిన రోజు గిలేన్ ఇంటి కప్పు మీద మంచు కరిగి చూరంతా కారింది.

సోమవారానికి కారు లేకపోతే కొండమీదికి పంపడానికి ఇంకెవరూ లేరని పనిచ్చే ఆఫీసు వాళ్ళు తేల్చేశారు. గిలేన్ బస్సెక్కి మాండ్ పట్నం వెళ్ళింది. స్టేషను పక్కన కార్లు అద్దెకిచ్చే చోట, గోళ్ళకి రంగేసుకున్న పిల్ల ఆమె బ్యాంకు కార్డుని తిప్పి తిప్పి చూసి వెనక్కిచ్చేసింది. కార్డు మీద క్రెడిట్ అని ఉండాలట. గిలేన్ కార్డు మీద డెబిట్ అని ఉంది. అకౌంట్లో డబ్బుందమ్మా, చూసుకో అంది గిలేన్.

"డబ్బు కాదు మేడం, ఆ మాట కావాలి."

బల్ల మీది ప్లాస్టిక్ పూలు ఒక్కొక్కటే తలలు వాల్చేశాయి. ఆ పిల్ల కిటికీ తెరిచింది.

చివరికి ఊరి బయట పెద్ద బజారులో, గ్యాసు సిలిండర్ల పక్కనున్న కౌంటర్లో దొరికింది. చిన్న తెల్ల కారు, డెబిట్ కార్డు మీదే, సగం అద్దెకి. ఎందుకు సగమంటే హీటరు పనిచేయదు. జనవరిలో దాన్ని ఎవరు తీసుకుంటారు మేడం, అన్నాడు కౌంటరు మనిషి. గిలేన్ తీసుకుంది. తీసుకునే ముందు గంటసేపు కారు చుట్టూ తిరిగి, కాగితం మీదున్న కారు బొమ్మలో గీతలన్నీ గుర్తు పెట్టించింది. ఇరవై మూడు. ఒక్కటి వదిలేసినా తిరిగిచ్చేటప్పుడు నీ నెత్తిన రుద్దుతారని రెజిస్ మరీ మరీ చెప్పాడు.

హీటరుతో ఆమెకేం పని? ఉత్తరాన్ని స్టీరింగు ముందు అంటించుకుంది. ఎత్తు మొదలవగానే పైకి చదివేది. అద్దాల మీది మంచు దానంతటదే జారిపోయేది. రెండు వారాలు ఒక్క పూట తప్పకుండా ఎనిమిది ఇళ్ళూ తిరిగింది. స్టీరింగు మీద ఆమె పది వేళ్ళ అచ్చులూ పడ్డాయి.

గురువారం పొద్దున, ఆఖరి ఎత్తు ఎక్కుతుండగా రెజిస్ ఫోన్ చేశాడు. గేర్‌బాక్సు వచ్చేసిందనీ, సాయంత్రానికి బండి సిద్ధమనీ, పని కూలి తర్వాత చూసుకుందామనీ చెప్పాడు. గిలేన్‌కి సంతోషం వేసింది. ఎన్నాళ్ళయిందో. కూనిరాగం తీసింది. రెండు మలుపులు తిరిగేసరికి నోట్లోంచి పొగ వస్తోంది, అద్దం లోపల కూడా మంచు పట్టింది. ఉత్తరం చదివి చూసింది. నవ్వొచ్చింది. ఫిర్మాన్ ఇంటి సందు మొగలో కారు మంచులో దిగబడిపోతే దిగి నడిచింది, ఇంకా నవ్వుతూనే.

ఆ ఇంటి గొట్టంలోంచి పొగ రావడం లేదు. తలుపు బార్లా తీసుంది.

ఫిర్మాన్ కట్టెల కోసమని లేచి గుమ్మంలో పడిపోయాడు. ఎప్పుడు పడ్డాడో ఆయనకే తెలీదు. ఎముకలేవీ విరగలేదు గానీ పెదవులు నీలంగా ఉన్నాయి, చేతులు కర్రల్లా ఉన్నాయి. గిలేన్ లోపలికి ఈడ్చి, ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. మంచుకి కరెంటు తీగ తెగింది. కట్టెల మీదికి మంచు కొట్టి, ఎంత ఊదినా పొగే తప్ప మంట రాలేదు. అక్కడ అంబులెన్సు పని కూడా ఫైరు వాళ్ళదే. వాళ్ళకి ఫోన్ చేస్తే, ముందు మంచు తోసే బండి రావాలి, రెండు గంటలు పడుతుంది, ఈలోగా ఆయన్ని ఎలాగైనా వెచ్చగా ఉంచమన్నారు.

ఆమె ఆయన్ని కావిలించుకుంది. ఆమె చేతులే ఐసుముక్కల్లా ఉన్నాయి.

"ఏంటిలా చల్లగా ఉన్నావ్?" అన్నాడు ఫిర్మాన్, పళ్ళు టకటకలాడుతుంటే.

"కారు బాగైంది, ఫిర్మాన్ గారూ."

"అయ్యో," అన్నాడాయన. ఊపిరి కూడదీసుకుని, "నీ సూపు... కుక్కలు కూడా ముట్టవు. అందుకే మీ ఆయన పారిపోయాడు," అన్నాడు.

ఎందుకంటున్నాడో ఆమెకి తెలుసు. అందుకే కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఏడుపుకి వేడి ఉండదు. ఇన్నేళ్ళూ అక్కర్లేనప్పుడల్లా వచ్చి, ఇప్పుడు రమ్మంటే రాని ఆ కోపాన్ని ఏం చేయాలో తెలీక చుట్టూ చూసింది. ఆయన కళ్ళు మూసుకుంటున్నాడు. అప్పుడు ఫోన్ తీసి, ఇన్సూరెన్స్ వాళ్ళ నంబరు కొట్టింది.

మీ కాల్ మాకెంతో ముఖ్యం, అంది ఫోను. తర్వాత సంగీతం. మళ్ళీ మీ కాల్ మాకెంతో ముఖ్యం. పావుగంటయ్యాక ఆమె బూట్ల మీది మంచు కరిగింది. అరగంటకి కిటికీలు చెమర్చాయి. ఫిర్మాన్ వేళ్ళు కదిలాయి. ఫోను పెద్ద గొంతుతో పెట్టి ఆయన గుండె మీద ఉంచి, గిలేన్ పళ్ళు కొరుకుతూ కూర్చుంది.

ఉన్నట్టుండి సంగీతం ఆగింది. "సోలెన్ మాట్లాడుతున్నాను మేడం. ఇంతసేపు ఆపినందుకు క్షమించండి. మీ ఫైలు ఇప్పుడే చూశాను. మీకు అన్యాయం జరిగింది. కారిస్తున్నాం, ఇన్నాళ్ళ అద్దె కూడా..."

గిలేన్ మనసు కరిగింది. వెంటనే గది చల్లబడింది. ఫిర్మాన్ మళ్ళీ వణికాడు.

"వద్దు," అంది గిలేన్. "నాకే కారూ వద్దు. ఆ యాభై కిలోమీటర్ల రూలు చదవమ్మా."

"మేడం?"

"చదువు. ఇక్కడొక పెద్దాయన చలికి పోతున్నాడు."

ఆ పిల్ల కూడా ఏ కొండమీది పిల్లో మరి, ఇంకేం అడగలేదు. గొంతు సవరించుకుని, మొదటి పదం నుంచీ చదివింది. మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివింది. నాలుగోసారికి గోడల తేమ ఆరిపోయింది. అయిదోసారికి గిలేన్‌కి అలవాటైపోయి వేడి కాస్త తగ్గింది.

"ఇంతకన్నా ఘోరమైనవి ఉన్నాయి మేడం," అంది సోలెన్ మెల్లగా. "చిన్న అక్షరాల్లో. చదవనా?"

"చదువు తల్లీ."

ఫైరు వాళ్ళు వచ్చేసరికి ఇంటి చుట్టూ మంచు కరిగి నల్లటి నేల తేలింది. కోళ్ళు ఆ నేల మీద గింజలేరుకుంటున్నాయి. వచ్చినవాళ్ళు కోట్లు విప్పి గుమ్మంలో తగిలించారు. నాయకుడు ఫిర్మాన్ చంకలో థర్మామీటరు పెట్టి చూసి, ఆయన్ని ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదని కాగితం మీద రాసిచ్చాడు. ఫిర్మాన్ సూపు అడిగాడు. ఫోన్లో సోలెన్ ఇంకా చదువుతూనే ఉంది, డెబ్బై రెండో పేజీ.

కూతురి కాగితాలు సొరుగులోనే ఉన్నాయి, తేదీ లేకుండా. తెల్ల కారు తిరిగిచ్చేటప్పుడు స్టీరింగు మీద పది అచ్చులకి పది గీతల లెక్కన కట్టించుకున్నారు. గిలేన్ అరుస్తూనే కట్టింది, ఆ కౌంటరు మనిషి నుదురు తుడుచుకుంటూ రసీదు ఇచ్చాడు.

నిజం మాట్లాడితే కారివ్వని ఆ కంపెనీని ఇప్పటికైనా మార్చవే అని రెజిస్ పోరు పెట్టాడు. గిలేన్ మార్చలేదు. ఫిర్మాన్ గారికి ఇంకా చాలా చలికాలాలున్నాయి.