పారేసిన మొదళ్ళు

తూకం ముందు కూర్చున్న వ్యాపారి పెద్దకోడలి బుట్టలో చెయ్యి పెట్టి కెలికి, పెదవి విరిచాడు.

"ఇవేం గడ్డలమ్మా, ఎలుక తోకల్లా ఉన్నాయి? మీ చిన్నదాన్ని చూసి నేర్చుకో. మందుల కంపెనీకి అట్లాంటివి కావాలి."

పొద్దుటి నుంచి శతావరి గడ్డల కోసం పిల్లితీగ ముళ్ళలో చేతులు పెట్టి తవ్వితే దక్కిన మాట అది. పక్కనే తోడికోడలి బుట్టలో గడ్డలు వేలంత లావున నిగనిగలాడుతున్నాయి. పెద్దకోడలికి కడుపు మండిపోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో తింటారు, ఒకే కొండకు వెళ్తారు. దానికి దొరికేవి తనకెందుకు దొరకవు? పైగా ఆ మహాతల్లి ఎక్కడ తవ్వుతుందో ఎవరికీ చెప్పదు.

అందరూ వెళ్ళాక వ్యాపారి గొంతు తగ్గించాడు. "అది తవ్వే చోటు నాకు చూపించు. మనుషుల్ని పెట్టి మొత్తం పెకలిస్తా. నీకు షెడ్డులో గడ్డలు ఒలిచే పనిస్తా. నీడన కూర్చోవచ్చు."

మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి నీడపట్టున పని అంటే మాటలా! "రేపే చూపిస్తానయ్యా" అంది.

మర్నాడు చిన్నకోడలు బయల్దేరగానే నక్కుతూ వెనకే వెళ్ళింది. వాగు దాటాక రాళ్ళ చాటున ఆగి, గుడ్లప్పగించింది. వాలు పొడుగునా పిల్లితీగలు పచ్చగా వరసలు తీరి ఉన్నాయి. అడవిలో మొలిచే మొక్కకు వరసలేమిటి? చిన్నకోడలు ఒక్కో దుబ్బు పక్కన మట్టి తీసి, సగం గడ్డలే కోసుకుని, మళ్ళీ కప్పెడుతోంది. లేత మొలకలు కూరకని కొంగులో వేసుకుంటోంది.

బతికున్నప్పుడు అత్త ఇద్దరికీ నేర్పిన పద్ధతే అది. పెద్దకోడలు మానేసింది. సగం వదిలితే తోడికోడలు వచ్చి తవ్వుకుపోతుందేమోనని దుగ్ధ. దుబ్బంతా పీకి, గడ్డలు తుంచుకుని, తూకానికి పనికిరాని మొదలు విసిరేసేది. ఆమె తవ్విన వాలు ఇప్పుడు బోడిగా ఉంది.

ఉండబట్టలేక బయటికొచ్చింది. "ఎక్కడివే ఇన్ని?"

చిన్నకోడలు ఉలిక్కిపడింది. "నువ్వు పారేసినవేగా అక్కా. మొదళ్ళు ఏరుకొచ్చి పాతాను. గడ్డ ఊరడానికి ఏళ్ళు పట్టింది."

"నావి తెచ్చుకుని నాకే చెప్పలేదన్నమాట!"

"చెప్తే పీకేస్తావని భయం."

పెద్దకోడలు వంగి, దుబ్బు చుట్టూ కప్పిన మట్టిని వేళ్ళతో తడిమి, వెనక్కి తిరిగింది.

సాయంత్రం షెడ్డులో ఆమె కోసం గోనెపట్టా పరిచి ఉంది. వ్యాపారి ఎదురొచ్చాడు. "ఏమ్మా, ఎక్కడ?"

ఆమె గోనెపట్టా వంక చూసింది. మోకాళ్ళు సలుపుతున్నాయి.

"చూపించను."

"ఓహో! చిన్నదాని మీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చింది?"

"ప్రేమా లేదు, దోమా లేదు. దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మంటే. మొదళ్ళు నావి, పాతిన చెయ్యి దానిది. అందులో మీదేముందయ్యా?"

"అయితే రేపట్నుంచి నీ బుట్ట ఇటు తేకు" అంటూ ఆయన గోనెపట్టా చుట్టేశాడు.

కుంటుతూ బయటికొచ్చేసరికి ఎదురుగా చిన్నకోడలు నిండు బుట్టతో వస్తోంది. పెద్దకోడలికి మళ్ళీ కడుపు మండింది.

"రేపు నేనూ వస్తున్నా. వాగు వైపు వరస నాది. చెయ్యి పెట్టావో, ఊరుకోను."