తెర మీద నికిటాస్

పందేలి రేవు కనుచూపు మేరకు రాగానే స్మరాగ్ది తెరచాప దించి ఇంజను వేసింది. రేపు నికిటాస్ సంవత్సరీకం. ఏడాదిగా ఈ లేరోస్ దీవిలో కాలు పెట్టని మనిషి, మొగుడి సంవత్సరీకానికి కూడా రాకపోతే ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? అందుకని వచ్చింది. ఇష్టమై మాత్రం కాదు.

నికిటాస్ పోయినప్పటి నుంచి ఆమె 'గలానీ' పడవలోనే ఒంటరిగా తిరుగుతోంది. చుక్కాని పక్కన చిన్న తెర ఉంటుంది. చుట్టుపక్కల పడవలన్నీ అందులో పేర్లతో సహా కనబడతాయి. అలాగే గలానీ కూడా ఇంటర్నెట్‌లో లోకమంతటికీ ఒక గుర్తుగా కనబడుతుంది. ఏ ఓడైనా మరీ దగ్గరికొస్తే తెర కూస్తుంది. ఆ కూతే స్మరాగ్దిని ఏడాదిగా పీక్కుతింటోంది.

నిరుడు ఇకారియా దీవి దాటుతుంటే ఓడల రద్దీకి అది ఆగకుండా కూసింది. "ఛీ, పాడు గోల!" అని దాని నోరు నొక్కేసి ఆమె కిందికెళ్ళి పడుకుంది. పైన కాపలాకి నికిటాస్ ఉన్నాడు. తెల్లారి లేచి చూస్తే మనిషి లేడు, ఎంత వెతికినా శవం కూడా దొరకలేదు. కొక్కేనికి ఉండాల్సిన లైఫ్ జాకెట్ కూడా లేదు. ఆ జాకెట్‌లో ఒక చిన్న పెట్టె ఉంటుంది. నీళ్ళు తగిలితే చాలు, జాకెట్ ఉబ్బుతుంది, పెట్టె మేలుకుంటుంది, మనిషి నీళ్ళలో పడ్డాడని దగ్గర్లోని పడవలన్నిటికీ చెబుతుంది. అంటే నికిటాస్ పిలిచాడు. కట్టుకున్న పెళ్ళామే చెవులు మూసుకుంది. తెల్లారేసరికి పడవ ఆ పిలుపు అందనంత దూరం వచ్చేసింది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఎలా చెప్పుకుంటుంది, ఏమని చెప్పుకుంటుంది?

దానికి తోడు ఆ ఫోన్లొకటి. ఎక్కడో కొండల చాటున లంగరేసి, ఇంటర్నెట్‌లో గలానీ గుర్తు మాయమైన ప్రతిసారీ, సిగ్నల్ రాగానే ఫోన్ మోగేది. నంబరు కనబడదు. ఎత్తితే ఊపిరి వినబడేది గానీ ఉలుకూ పలుకూ ఉండేది కాదు. "నికిటాస్, నువ్వేనా?" అని ఒకసారి అడిగేసింది కూడా. ఆ తర్వాత తనకు పిచ్చెక్కుతోందని భయపడి రెండు రోజులు ఫోన్ ముట్టుకోలేదు.

రేవు గోడ ఇంకా అల్లంత దూరాన ఉండగా తెర కూసింది.

ఎర్రటి సున్నా, అందులో అడ్డగీతలు. నీళ్ళలో మనిషి అని గుర్తు. పక్కన పేరు: నికిటాస్. జాకెట్ కొన్న రోజున ఆ పేరు తెరలోకి ఎక్కించింది ఆమే.

"వస్తున్నా! వస్తున్నానయ్యా!" అని అరుస్తూ ఇంజను వేగం పెంచింది. కళ్ళు నీళ్ళంతా గాలించాయి. అప్పుడు మళ్ళీ తెర వంక చూసింది. ఎర్ర గుర్తు నీళ్ళలో లేదు. రేవు పైన, కొండ మీద, అత్త కల్లిరోయి ఇంటి దగ్గర ఉంది.

పడవ గట్టుకు ఠపీమని తగిలింది.

"ఏమ్మోయ్, రేవుని గుద్ది చంపుతావా ఏంటి?" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ముసలాయన.

"తాడు పట్టుకో మావా, తర్వాత తిడుదువు గాని!" అని తాడు ఆయన మీదికి విసిరి, చేతి రేడియో పట్టుకునే పరుగెత్తింది. ఆమె మెట్లెక్కుతుంటే కింద రేవులోని తెరచాప పడవలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కూత అందుకున్నాయి. ఊరంతా నికిటాస్‌ని పిలుస్తున్నట్టే ఉంది.

పెరట్లో కల్లిరోయి, ఒంటి మీది నల్ల బట్టలు తడిసి ముద్దవగా, గోడకి అతుక్కుని నిలబడి ఉంది. ఎదురుగా సబ్బునీళ్ళ తొట్టి. తొట్టిలో పసుప్పచ్చ జాకెట్, నిండా ఉబ్బి తేలుతోంది. దాని మెడ దగ్గర చిన్న దీపం మినుకుమంటోంది.

"పనగియా, దేవమాతా!" అంది ముసలామె, కోడల్ని చూసి. "గుడికిద్దామని వాడి బట్టలన్నీ ఉతుకుతున్నానే. నీళ్ళలో వేశానో లేదో ఢామ్మని లేచింది! నా కొడుకే లేచాడనుకున్నా!"

"ఇది నీ దగ్గరెందుకుంది అత్తా?"

"పట్టీ తెగిందని వాడే తెచ్చాడు, మీరు బయల్దేరే ముందు రోజు. స్మరాగ్దికి చెప్పకు, చంపుతుంది, తిరిగొచ్చాక తీసుకెళ్తానన్నాడు. రేపు కుడదాంలే అనుకున్నా."

"మరి నాకు చెప్పలేదేం? ఏడాదంతా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనే? కన్నతల్లే ఆ జాకెట్ అట్టిపెట్టుకుని కొడుకుని ఊరికే సాగనంపిందని చెప్పనా?"

స్మరాగ్ది అక్కడే మెట్టు మీద కూలబడింది. అంటే ఆ రాత్రి ఏ పెట్టే కూయలేదు. ఆమె నోరు నొక్కిన తెరకు ఏ పిలుపూ రాలేదు. ఏడాది బరువు గుండెల మీంచి దిగిపోయింది. దిగినందుకు సిగ్గేసింది. మరుక్షణమే ఇంకో మాట తట్టింది. నికిటాస్ దగ్గర పిలవడానికి ఉత్త గొంతు తప్ప ఇంకేమీ లేదు. ఆ గొంతుతో ఎంతసేపు పిలిచాడో!

తొట్టి పక్కన పీట మీద ముసలామె ఫోన్ ఉంది. అందులో సముద్రం పటం, పటంలో గలానీ గుర్తు.

"ఫోన్ చేసి మాట్లాడకుండా పెట్టేసేది నువ్వేనా?"

"నీ గుర్తు కనబడకపోతే నాకు ముద్ద దిగదే. నీ గొంతు వింటే చాలనుకునేదాన్ని. ఒకసారి నన్ను వాడనుకుని పిలిచావు చూడు, ఆ రోజు..." అని కల్లిరోయి తడి బట్టలకే చేతులు తుడుచుకుంది.

రేడియో పలికింది. రేవు అధికారి. "పందేలి దగ్గర నీళ్ళలో మనిషి ఉన్నట్టు సంకేతం వస్తోంది. మా పడవ బయల్దేరుతోంది. చూసినవాళ్ళు చెప్పండి."

స్మరాగ్ది మీట నొక్కింది. "గలానీ మాట్లాడుతున్నా. అది పొరపాటున మోగింది. నీళ్ళలో..." మీట వదిలేసింది. మళ్ళీ నొక్కింది. "నీళ్ళలో ఎవరూ లేరు."

"ఖాయమేనా అమ్మా? నీళ్ళలో ఎవరూ లేరు కదా?"

ఆమె తొట్టిలోని జాకెట్ వంక చూసింది. కల్లిరోయి తడి చేతులతో రేడియో అందుకుంది.

"ఉన్నాడు నాయనా," అంది. "ఏడాదైంది. మీరు పడవ తియ్యకండి."

తొట్టిలో దీపం ఇంకా మినుకుమంటూనే ఉంది. కింద రేవులో పడవలు కూస్తూనే ఉన్నాయి. పెట్టె ఎలా ఆపాలో స్మరాగ్దికి బాగా తెలుసు. కానీ చెయ్యి రాలేదు.